నాటుకోళ్లకు తోడు బాతులా, గిన్నికోళ్లా?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెరట్లో అసీల్ పెట్టలు, వనరాజా కోళ్లు ఉన్నాయి. వనరాజా గుడ్లు బాగా పెడుతుంది గానీ పొదగదు, ఆ పని అసీల్ పెట్టలదే. ఎంత ఓపికో వాటికి!

ఇంట్లోవాళ్లు కోడికూర కాక వేరే మాంసం కావాలంటున్నారు. కౌజు పిట్టల్ని పంజరంలో పెట్టాలి, నాకిష్టం లేదు. పక్కనే పంటకాలువ, బాతులకు హాయి. కానీ వరి నాట్లు ఊడ్చిన చేలలో దిగితే రైతులు ఊరుకోరు. గిన్నికోళ్లు తోటలో పురుగులు ఏరుకుంటాయి, వాటి అరుపులే టెన్షన్.

కోడిగుడ్డుకు 21 రోజులు, బాతుగుడ్డుకు 28. అసీల్ పెట్ట అన్నాళ్లూ లేవకుండా కూర్చుంటుందా? ఈ రెండు మాంసాలూ వండినవాళ్లుంటే, పులుసుకి ఏది బాగుంటుందో కూడా చెప్పండి.