పారశీక రాజు జెర్క్సెస్‌కు సింహాసనం ఎవరి వల్ల దక్కింది: తల్లి అటోస్సా వల్లనా, ఆమె తండ్రి, సామ్రాజ్య స్థాపకుడు సైరస్ పేరు వల్లనా?

పాతశాసనం:
జెర్క్సెస్ తండ్రి డేరియస్ తరువాత రాజ్యం ఏ కొడుకుదన్న తగవులో, ప్రవాసంలో ఉన్న స్పార్టా రాజు డెమరాటస్ ఇచ్చిన సలహా లేకపోయినా జెర్క్సెస్సే రాజయ్యేవాడని, అధికారమంతా అతని తల్లి అటోస్సా చేతిలో ఉండేదని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఈ మాట నమ్మదగినది కాదని నా అభిప్రాయం. క్రీ.పూ. 522లో గద్దెనెక్కిన డేరియస్ సైరస్ కొడుకు కాడు. అందుకే సైరస్ కూతుళ్ళు అటోస్సాను, అర్టిస్టోనెను, సైరస్ కొడుకు బర్దియ కుమార్తె పార్మిస్‌ను కూడా పెళ్ళాడాడు. సైరస్ వంశపు ఆడపిల్లను మరొకడు చేసుకుని, ఆమెకు పుట్టిన కొడుకుతో రాజ్యంలో వాటా అడిగించే వీలు లేకుండా చేయడమే ఇందులోని ఎత్తుగడ. అటోస్సా అంతకుముందు తన సోదరుడు కాంబిసెస్‌కు, ఆపైన బర్దియనని చెప్పుకుని రాజైనవాడికి భార్యగా ఉంది. సింహాసనంతో పాటే చేతులు మారిన మనిషికి అధికారం ఎక్కడిది?

మట్టిపలక:
పాతశాసనం గారూ, పెళ్ళిళ్ళ వెనుక లెక్క గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అయితే సైరస్ రక్తం ఒక్కటే చాలుననుకుంటే, అర్టిస్టోనె కొడుకులు అర్సామెస్, గోబ్రియాస్‌లు కూడా సైరస్ మనవలే కదా. పైగా భార్యలందరిలోకి డేరియస్‌కు ఆమె మీదే మక్కువ ఎక్కువని, ఆమెకు బంగారు ప్రతిమ చేయించాడని చెప్పింది కూడా హెరొడోటస్సే. అయినా రాజ్యం ఆమె బిడ్డలకు రాలేదు.

ఇక ఈ రాణులు అంతఃపురంలో కూర్చున్న బొమ్మలు కారనడానికి గ్రీకుల కథలు అక్కరలేదు, పారశీక రాజధాని పెర్సెపోలిస్ కోట గోడలో 1933లో బయటపడిన, ఎలమైట్ భాషలో రాసిన మట్టిపలకలు చాలు. వాటిలో అర్టిస్టోనె పేరు ఇర్తష్దున. క్రీ.పూ. 503లో, రాజాజ్ఞ మేరకు ఆమెకు 100 గొర్రెలు, సుమారు 2000 లీటర్ల ద్రాక్షసారా ఇవ్వాలని అక్కడి ఖర్చుల వ్యవహారం చూసే పర్నక ఉత్తరువు రాయించాడు. అంత సరుకు ఒక మనిషి భోజనానికి కాదు, ఏదో పెద్ద విందుకే అయి ఉంటుంది. వేరే పలకల మీద ఆమె స్వంత ముద్ర ఉంది. తన ఎస్టేటులోని సరుకును ఎవరికివ్వాలో అధికారులకు ఆమే చెబుతుంది. చెల్లెలి చేతిలోనే ఇంత ఉన్నప్పుడు అక్క మాటకు విలువ లేదనగలమా?

పాతశాసనం:
ఆస్తి వేరు, వారసుణ్ణి నిర్ణయించడం వేరు. గొర్రెలను పంచగలిగినంత మాత్రాన కిరీటాన్ని పంచగలరని చెప్పలేము. జెర్క్సెస్ పెర్సెపోలిస్ శాసనంలో ఏం రాయించుకున్నాడో చూడండి: డేరియస్‌కు వేరే కొడుకులున్నా, పారశీకుల దేవుడు అహురమజ్ద సంకల్పం వల్ల తండ్రి తనను తన తరువాతి వాడిగా చేశాడట. తల్లి ప్రస్తావనే లేదు.

మట్టిపలక:
ఆ రాజుల పారశీక శాసనాల్లో తల్లుల పేర్లు, భార్యల పేర్లు చెప్పే ఆచారమే లేదు. డేరియస్ కూడా బెహిస్తూన్ కొండ మీద తన వంశాన్ని తండ్రి, తాత, ముత్తాతల వరుసలోనే చెప్పుకున్నాడు. కాబట్టి ఆ మౌనం ఎటువైపూ సాక్ష్యం కాదు. డెమరాటస్ వాదన మాత్రం గట్టిదే: డేరియస్ మరో భార్యకు, అంటే అదే పేరున్న వేరే గోబ్రియాస్ కూతురికి, పుట్టిన పెద్దకొడుకు అర్తోబజనెస్ తండ్రి రాజు కాకముందు పుట్టాడు, జెర్క్సెస్ తండ్రి రాజైన తరువాత పుట్టాడు. అధికారమంతా అటోస్సాదేనని నేనూ అనను. కానీ సైరస్ మనవలు ఇంతమంది ఉండగా ఈ వాదన ఆమె కొడుకు పక్షానే నిలబడి గెలిచిందంటే, ఆ దర్బారులో దాన్ని నడిపించినవారిలో ఆమె ఒకతై ఉంటుందనుకోవడమే నాకు సబబుగా తోస్తోంది.

పాతశాసనం:
అంతవరకైతే ఒప్పుకుంటాను. ఒక్క సంగతి కలుపుతాను. జెర్క్సెస్ రాణి అమెస్ట్రిస్ సైరస్ కూతురి బిడ్డ కాదు, పారశీక ప్రముఖుడు ఒటానెస్ కుమార్తె. తల్లి వైపునుంచి సైరస్ వంశం తనలోనే ఉన్నవాడికి దాన్ని పెళ్ళి ద్వారా మళ్ళీ తెచ్చుకోవలసిన పని లేకపోయింది.