క్లబ్ ట్రయల్స్‌లో బండి ఆగితే అయిదు వేయాల్సిందేనా?

గ్రిట్‌స్టోన్:
నేను ఉండేది ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో. మొన్న ఆదివారం మా దగ్గరి క్లబ్ నడిపిన మోటార్‌సైకిల్ ట్రయల్స్‌లో పాల్గొన్నాను. అక్కడ మొదలైన వాదన ఇంకా తెగలేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

ఈ ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఇందులో వేగంతో పని లేదు. వాగులు, బండరాళ్లు, చెట్ల వేళ్లు, బురద గట్లు ఉన్నచోట చిన్న చిన్న సెక్షన్లు గుర్తిస్తారు. కుడివైపు ఎర్ర గుర్తు, ఎడమవైపు నీలం గుర్తు, ఆ మధ్యలోంచే బండి పోవాలి. కాలు నేలకు తగలకుండా దాటితే తప్పు మార్కులు సున్నా. ఒకసారి పెడితే ఒకటి, రెండుసార్లయితే రెండు, ఆపైన ఎన్నిసార్లు పెట్టినా మూడే. పడిపోయినా, గుర్తులు దాటి బయటికి వెళ్లినా అయిదు. అన్నీ కూడితే ఎవరికి తక్కువ వస్తే వారిదే గెలుపు. మాకు పది సెక్షన్లు, నాలుగు చుట్లు.

మా క్లబ్‌ది నాన్‌స్టాప్ పద్ధతి. అంటే బండి ముందుకు కదలడం ఆగిందంటే కాలు పెట్టకపోయినా అయిదే. ఆరో సెక్షన్‌లో వాగులోంచి గట్టెక్కి వెంటనే ఎడమకు తిరగాలి. ఒక కుర్రాడు అక్కడ క్షణంపాటు నిలిచి, ముందుచక్రం తిప్పుకుని, కాలు పెట్టకుండానే వెళ్లిపోయాడు. అయిదు పడింది. కాసేపటికి క్లబ్‌లో అందరికీ తెలిసిన ఒక పెద్దాయన అదే మలుపులో అంతకంటే ఎక్కువసేపే నిలిచారు. ఆయనకు సున్నా. కుర్రాడు అప్పుడు నోరెత్తలేదు, వాళ్ల నాన్న ఊరుకోలేదు.

బ్రిటన్‌లో మోటార్‌సైకిల్ పోటీలను చూసే సంస్థ ఏసీయూ నిబంధనల ప్రకారం ఆగనివ్వని పద్ధతి ఉంది, ఆగనిచ్చేదీ ఉంది. ఏది వాడాలో నిర్వాహకుల ఇష్టం. ఆగనిచ్చేస్తే ఈ తలనొప్పి తీరిపోతుంది కదా? మీరేమంటారు?

పాత బుల్టాకో:
వద్దండి. ఆగనిస్తే సెక్షన్లు ఇప్పటిలా ఉండవు. బాగా నడిపేవారందరూ సున్నాలతో బయటపడితే విజేతను తేల్చేదెలా? అందుకని మలుపులు ఇంకా ఇరుకు చేస్తారు, మెట్ల ఎత్తు పెంచుతారు. చివరికి నష్టపోయేది నాలాంటి వాళ్లే. వెనక రెండు షాక్ అబ్సార్బర్లున్న పాత బండి నాది. దాన్ని నిలబెట్టి ముందుచక్రం గెంతించడం నా నడుము వల్ల కాదు, బండి వల్ల అసలే కాదు.

చరిత్ర చూడండి. 1965లో సామీ మిల్లర్ బుల్టాకో బండి మీద స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్స్ పోటీ గెలిచిన రోజుల్లో ఈ ఆట అంటే ఆగకుండా సాగిపోవడమే. జోర్డీ టారెస్ సైకిల్ ట్రయల్స్ నుంచి ఇటు వచ్చి 1987లో తొలి ప్రపంచ టైటిల్ గెలిచాక, నిలబడి గెంతే విద్యకు గిరాకీ పెరిగింది. చూడటానికి అద్భుతమే, కాదనను. కానీ చూసేవాడు ఇంటికి వెళ్లి ‘ఇది మనవల్ల అయ్యే పని కాదు’ అనుకున్నాడు. 2013లో అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్ఐఎం ప్రపంచ చాంపియన్‌షిప్‌లో నాన్‌స్టాప్ నిబంధన తెచ్చింది ఊరికే కాదు.

ఒక వేలి క్లచ్:
బుల్టాకో గారూ, మీరు చెప్పింది సెక్షన్లు వేసేవాడి తప్పు, నిబంధన తప్పు కాదు. ప్రతి సెక్షన్‌లోనూ కఠినం, మధ్యమం, సులువు అని మూడు దారులు ఉంటాయి. సులువు దారిలో మలుపు ఇరుకు చేయమని ఎవరు అడిగారు?

ఇక 2013 సంగతి. టోనీ బౌ 2007లో మొదటి ప్రపంచ టైటిల్ గెలిచారు. అప్పుడు ఆగొచ్చు. 2013లో ఆగకూడదన్నారు. అప్పుడూ ఆయనే గెలిచారు. నిబంధన మార్చినందువల్ల పైవాడు కిందికి రాలేదు, కిందివాడు పైకి వెళ్లలేదు.

నాకు ముఖ్యం కొత్తవాళ్ల భద్రత. తడిరాయి మీద సగం ఎక్కాక దారి తప్పామని తెలిస్తే ఆగి చూసుకోవాలా, అయిదు పడుతుందన్న భయంతో థ్రాటిల్ తిప్పాలా? మణికట్టుకు కట్టుకున్న తాడు లాగితే ఇంజిన్ ఆగుతుంది, నిజమే. కానీ అది బండి చేయి జారాక పనికొచ్చేది. పైగా కదలకుండా బండి మీద నిలబడటం ఈ ఆటలో ఎవరైనా మొట్టమొదట నేర్పే విద్య. కారు షెడ్డులో గంటలకొద్దీ అదే సాధన చేయించి, ఆదివారం నాడు అదే చేస్తే శిక్ష వేస్తారా?

గ్రిట్‌స్టోన్:
ఆ కుర్రాడు తర్వాత అన్నదీ అదే. ‘నేను పడలేదు, కాలు పెట్టలేదు, మరి ఏం తప్పు చేశాను?’ అని.

జెండా పక్కన:
నేను నడపడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు సెక్షన్ దగ్గర మార్కులు వేసే అబ్జర్వర్‌గా నిలబడతాను. ఇక్కడ మాట్లాడుతున్న వారిలో ఎవరైనా ఒక పూటంతా మార్కులు వేశారా?

ఆగడం అంటే ఏమిటో మొదట చెబుతాను. రైడర్ తల, భుజాలు చూస్తే మోసపోతారు. బండి నిలిచిపోయినా మనిషి ఊగుతూనే ఉంటాడు, కదులుతున్నట్టే కనిపిస్తుంది. చూడాల్సింది ముందుచక్రం ఇరుసు. దానికి అవతల నేల మీద ఒక రాయో పుల్లో ఎంచుకుని, ఇరుసు దాన్ని దాటుతోందా లేదా అని చూడాలి. వెనకచక్రం గిర్రున తిరుగుతూ మీ ముఖం మీద బురద కొడుతుంది, బండి మాత్రం అంగుళం జరగదు. అదీ ఆగడమే. అయితే అది అయిదు అని చెప్పినప్పుడు ఒప్పుకున్నవాణ్ణి నేను చూడలేదు. అదే క్షణంలో అవతలి కాలు రాయిని తాకిందా లేదా అన్నదీ నేనే చూడాలి. తర్వాత ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్న కాగితం మీద పెన్సిల్‌తో రాయాలి. తడికాగితం మీద పెన్ను రాయదు. ఇంతలో తర్వాతివాడు ‘రావచ్చా?’ అని అరుస్తాడు.

‘అయితే ఆగనిచ్చేయండి, మీ పని తేలికవుతుంది’ అంటారు. కాదు. ఆగనిస్తే వెనక్కి జారాడా లేదా చూడాలి. నిలబడి ఎంతసేపైనా ఉండనివ్వలేం కనుక గడువు పెట్టాలి, అంటే చేతికి స్టాప్‌వాచ్ వస్తుంది. లెక్క వేయండి. ఎనభై మంది రైడర్లు, నాలుగు చుట్లు, మొత్తం 320 సార్లు. ఒక్కొక్కరు పదిహేను సెకన్లు అదనంగా తీసుకున్నా 4,800 సెకన్లు. అంటే ఒక్క సెక్షన్ దగ్గరే గంటా ఇరవై నిమిషాలు. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది.

ఆ పెద్దాయన సంగతీ చెబుతాను. అనుమానం వస్తే రైడర్ పక్షాన తీర్పు ఇవ్వాలని మాకు చెబుతారు, మంచిదే. కానీ పేరున్నవారికి అనుమానం కలిసొస్తుంది, పేరు లేనివాడి మీద నిబంధన పడుతుంది. ఇది మనుషుల పక్షపాతం. రేపు మీరు ఆగనిచ్చినా ఇదే పక్షపాతం వెనక్కి జారడం మీదికీ కాలు తగలడం మీదికీ మారుతుంది.

నన్ను అడిగితే తప్పంతా ఆరో సెక్షన్‌ది. గట్టెక్కిన బండిని అడుగు దూరంలో తిప్పమంటే ఎవరికైనా ఆగక తప్పదు. మలుపు గుర్తును రెండు మీటర్లు అవతల పాతితే నిలవకుండా తిరగవచ్చు. నాన్‌స్టాప్ పెట్టేవారు ఆగకుండా పోగల దారి వేయాలి. ఉదయం పూట నిర్వాహకుడు ప్రతి దారినీ, ఆ తరగతిలో నడిపేవాడితోనే ఒకసారి నడిపించి చూస్తే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు.

ఒక వేలి క్లచ్:
చివరి మాట ఒప్పుకుంటాను, మధ్యలో మాట ఒప్పుకోను. పక్షపాతం ఎక్కడైనా ఉంటుంది, కాబట్టి దానికి చోటు తగ్గించే నిబంధన కావాలి. కాలు నేలకు తగిలిందంటే బురదలో బూటు గుర్తు పడుతుంది. ఆగడానికి గుర్తు ఎక్కడ పడుతుంది?

జెండా పక్కన:
రాయి మీద బూటు గుర్తు పడదండీ. ఇక్కడ ఉన్నదంతా రాయే.

కూకట్‌పల్లి బండి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. హైదరాబాద్ శివార్లలో మేం కొందరం హీరో ఎక్స్‌పల్స్ బండ్లతో ఇలాంటిదే సరదాగా మొదలుపెడదామనుకుంటున్నాం. మాకు ఏ పద్ధతి మంచిది?

పాత బుల్టాకో:
మీకు మాత్రం ఆగనిచ్చే పద్ధతే చెబుతాను, నవ్వకండి. ఎక్స్‌పల్స్ దాదాపు 160 కిలోలు ఉంటుంది. ట్రయల్స్ బండి 70 కిలోలకు అటూ ఇటూ, దానికి సరైన సీటు కూడా ఉండదు. మీ బండి వాలితే ఒక్కరు పట్టుకోలేరు. ఆగండి, కాలు పెట్టండి, మార్కు పోతే పోనివ్వండి. మెట్లు వద్దు, వంకరదారులతో మొదలుపెట్టండి.

ఇంకొకటి. మీ చుట్టూ ఉన్న గ్రానైట్ బండలు చూస్తే ఇక్కడివాళ్లకు నోరూరుతుంది. కానీ ఉన్నవాటిని కాపాడాలని సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచి పాటుపడుతోంది. ఎవరి స్థలమో కనుక్కుని, అనుమతి తీసుకున్నాకే టైరు మోపండి. బ్రిటన్‌లో కూడా క్లబ్బులు బతికేది రైతులు భూమి ఇస్తేనే.

కూకట్‌పల్లి బండి:
ధన్యవాదాలండీ. స్థలం మా స్నేహితుడి మామగారిది. ఆయన్ను ఒప్పించడమే మొదటి సెక్షన్.

గ్రిట్‌స్టోన్:
ఇదంతా చదివాక క్లబ్ కమిటీ ముందు ఒక ప్రతిపాదన పెడదామనుకుంటున్నాను. సులువు దారిలో ఆగవచ్చు, మిగతా రెండింటిలో ఆగకూడదు. కొత్తవారికి భద్రత, పాతవారికి పాత పద్ధతి.

జెండా పక్కన:
ఒకే సెక్షన్‌లో రెండు నిబంధనలా? వచ్చేవాడి బండి నంబరు ప్లేటు రంగు చూసి, ఏ దారివాడో గుర్తుపెట్టుకుని, అప్పుడు ఆగాడో లేదో చూడాలన్నమాట. మీరు ప్రతిపాదించండి, సంతోషం. అది అమల్లోకి వచ్చిన రోజు ఆరో సెక్షన్ మాత్రం మీకే అప్పగించమని చెబుతాను.

ఒక వేలి క్లచ్:
గ్రిట్‌స్టోన్ రాకపోతే నేను నిలబడతాను. అయితే మలుపు గుర్తు నేనే పాతుతాను.

జెండా పక్కన:
పాతండి. శనివారం మధ్యాహ్నం సెక్షన్లు వేస్తారు. సుత్తి, గొడుగు మీవే.