తమను తాము గాయపరచుకునే పిల్లలకు మూలికా వైద్యం సరిపోతుందా?

హనుమకొండ మేనత్త:
మా మేనకోడలికి పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటోంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు ముంజేతి మీద మచ్చలు వదిన కంట పడ్డాయి. అడిగితే తనే చేసుకున్నానంది. చావాలని కాదట, తట్టుకోలేనప్పుడు అలా చేస్తే కాసేపు మనసు తేలిక పడుతుందట. మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లడానికి అన్నయ్య ఒప్పుకోవడం లేదు. మాత్రలు అలవాటవుతాయని, రేపు పెళ్లి సంబంధాల వేళ నలుగురికీ తెలుస్తుందని భయం. తెలిసినాయన ఒకరు మూడు నెలలు అశ్వగంధ చూర్ణం, బ్రాహ్మి కషాయం ఇవ్వమన్నారు. ఇవ్వవచ్చునా?

గుంటూరు తండ్రి:
ఇవ్వండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2004లోనే డిప్రెషన్ మాత్రల వల్ల పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని కఠినమైన హెచ్చరిక ముద్రించమంది. అలాంటి మాత్రను నమ్మి, తరతరాలుగా మన ఇళ్లలో వాడుతున్న ఆకును అనుమానించడం ఏం న్యాయం? జర్మనీలో సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికను డాక్టర్లే డిప్రెషన్‌కు రాస్తారు. వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2008 సమీక్షలో 29 పరీక్షలను చూసి, అది మాత్రలకు తీసిపోదని చెప్పింది. జర్మన్లు వాడితే శాస్త్రం, మనం వాడితే మూఢనమ్మకమా?

మానసిక వైద్యురాలు, విశాఖపట్నం:
గుంటూరు అన్నగారూ, మీరు చెప్పిన రెండు విషయాలూ నిజమే. వాటిని పూర్తిగా చూద్దాం. ఆ హెచ్చరికకు ఆధారం దాదాపు 4,400 మంది పిల్లల మీద జరిగిన 24 పరీక్షలు. ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మాత్ర వాడినవారిలో 4 శాతం, పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2 శాతం. ఆ పరీక్షల్లో ఎవరూ చనిపోలేదు. అందుకే మాత్ర మొదలుపెట్టిన తొలి వారాల్లో పిల్లల్ని దగ్గరగా కనిపెట్టి ఉండమంటాం. లెక్క పెట్టారు కనుక ఆ ప్రమాదం బయటపడింది. కషాయానికి అలాంటి లెక్క లేకపోవడాన్ని క్షేమానికి రుజువుగా తీసుకోకండి.

ఆ 29 పరీక్షలు డిప్రెషన్ గురించినవి, స్వీయ గాయం గురించినవి కావు. పైగా సెయింట్ జాన్స్ వోర్ట్‌ను కొన్ని డిప్రెషన్ మాత్రలతో కలిపి వాడితే మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి ప్రాణం మీదికి రావచ్చు. గర్భనిరోధక మాత్రల పనిని కూడా అది తగ్గిస్తుంది. అశ్వగంధ నిద్రమత్తు కలిగించవచ్చు, థైరాయిడ్ మీద ప్రభావం చూపగలదు, అరుదుగా కాలేయం దెబ్బతిన్నవారూ ఉన్నారు.

అసలు మాత్రనా, మూలికా అన్న తగాదాలో మనం ఆ అమ్మాయిని మరిచిపోతున్నాం. స్వీయ గాయాన్ని తగ్గించడం కోసమే ఏ మందూ ఇవ్వవద్దని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2022లో స్పష్టంగా చెప్పాయి. డిప్రెషన్ ఉంటే దానికి మందు వేరే మాట. పిల్లల్లో స్వీయ గాయానికి కాస్త గట్టి ఆధారం ఉన్నది డయలెక్టికల్ బిహేవియర్ థెరపీకి (డీబీటీ). అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహాన్ రూపొందించిన మాటల చికిత్స ఇది. 2018లో అమెరికాలో 173 మంది కౌమార వయస్కుల మీద జరిగిన పరీక్షలో, మామూలు మద్దతు చికిత్స కన్నా దీనితో ఆరు నెలల్లో స్వీయ గాయాలు ఎక్కువగా తగ్గాయి.

ఎలా పనిచేస్తుందంటే, భరించలేని బాధ ఉన్నట్టుండి ఎగసిపడుతుంది. గాయం చేసుకోగానే ఉపశమనం దొరుకుతుంది. మెదడు ఆ దారి గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి ఆ దారి ఇంకా సులువు. ఆ ఉధృతి తగ్గేదాకా గాయం లేకుండా గడపడం అమ్మాయికి నేర్పాలి: ముఖాన చన్నీళ్లు, ఊపిరి నిదానించడం, వేగంగా నడవడం, నమ్మినవారికి ఫోను. తర్వాత ఆ రోజు ఏది దేనికి దారి తీసిందో ఆమెతో కూర్చుని ఒక్కొక్క అడుగూ వెనక్కి నడుస్తాం. తల్లిదండ్రులకూ పాఠాలుంటాయి. ఈ పని చూర్ణం చేయలేదు.

ఆయుర్వేద వైద్యుడు, హైదరాబాద్:
డాక్టర్ గారూ, ఆయుర్వేదమంటే చూర్ణాల డబ్బా అన్నట్టు మాట్లాడటం నాకు బాధ కలిగించింది. చరక సంహిత సూత్రస్థానం పదకొండో అధ్యాయం మూడు రకాల చికిత్సలు చెప్పింది. వాటిలో ఒకటి సత్త్వావజయం, మనసును హితం కాని విషయాల నుంచి మళ్లించడం. పిల్ల ముఖం చూడకుండా మూడు నెలల చూర్ణం కట్టిచ్చిన మనిషి చరకుణ్నే పాటించలేదు. అంతవరకు మీతో ఏకీభవిస్తాను.

కానీ మూలికను ఈసడించకండి. గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో సర్పగంధ వేరు గురించి రాశారు. 1952లో ఆ వేరు నుంచే రిసర్పిన్ అనే మందు తీశారు. మీ మానసిక వైద్యంలోని తొలి ఆధునిక మందుల్లో అదొకటి. నిద్రపట్టని, గుండె దడతో లేచే పిల్లకు కౌన్సెలింగ్ నడుస్తుండగా తైలంతో అభ్యంగనం, తగిన మోతాదులో బ్రాహ్మి తోడుగా ఇస్తాను. ఇకముందూ ఇస్తాను.

మానసిక వైద్యురాలు, విశాఖపట్నం:
సర్పగంధ మంచి ఉదాహరణ. ఆ రిసర్పిన్‌ను రక్తపోటుకు విస్తారంగా వాడాక కొందరు రోగులు కుంగుబాటుకు లోనయ్యారని వైద్యులు గమనించి రాశారు. ఇప్పుడు పేరు లేని పొట్లంలో ఆ వేరే ఉందనుకోండి, ఈ అమ్మాయి గతేమిటి? 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో పద్నాలుగింటిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ దొరికాయి. మీ చేతి మందు వేరు కావచ్చు వైద్యుడుగారూ. మేనత్తగారి ఇంటికి వచ్చింది మీ చేతి మందు కాదు.

ఆయుర్వేద వైద్యుడు, హైదరాబాద్:
పొట్లం మీద తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, దినుసుల పట్టీ లేకపోతే వాడవద్దు. ఇందులో వాదన లేదు. నిద్రకు తోడు మందు విషయంలో మాత్రం నా మాట మారదు.

గుంటూరు తండ్రి:
థెరపీ అంటున్నారు సరే. మండలాల్లో ఎవరున్నారు? నెలకు నాలుగుసార్లు నగరానికి వెళ్లి ఫీజులు కట్టడం ఎంతమంది వల్ల అవుతుంది? మా బోటివాళ్లు కషాయం వైపు చూసేది మూర్ఖత్వంతో కాదు, అది అందుబాటులో ఉంది కనుక.

మానసిక వైద్యురాలు, విశాఖపట్నం:
ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. డీబీటీ పూర్తిగా నేర్చినవారు మన రెండు రాష్ట్రాల్లో తక్కువే, అది మా వైద్యరంగం తీర్చవలసిన లోటు. ఈ రోజే చేయగలిగింది ఉంది. టెలీ మానస్ 14416 కు ఫోను చేయండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ సేవ ఇది. ఉచితం, రాత్రింబగళ్లు, తెలుగులోనూ మాట్లాడతారు. ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో బయటి రోగులను చూస్తారు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. పెళ్లి సంబంధాల భయం ఉన్న అన్నయ్యగారికి ఇది చెప్పండి.

పేరు చెప్పని అమ్మాయి:
నాకిప్పుడు ఇరవై మూడు. పదో తరగతిలో నేనూ ఇలాగే ఉండేదాన్ని. మా ఇంట్లోనూ లేహ్యం పెట్టారు. దాని రుచి కన్నా చేదుగా ఉన్నది, ‘లేహ్యం తింటున్నావుగా, ఇంకా ఎందుకు?’ అన్న ప్రశ్న. మందు మొదలైందంటే నేను బాగుపడాలి. పడకపోతే తప్పు నాది. అందుకని ఇంకా జాగ్రత్తగా దాచాను. తర్వాత స్కూలు మార్చారు, ఒక కౌన్సెలర్ దొరికారు. ఆమె చేతులు చూపించమనలేదు, ఆ రోజు ఏం జరిగిందని అడిగారు. మేనత్తగారూ, చూర్ణం ఇచ్చినా ఇవ్వకపోయినా, దయచేసి దాన్ని ఆ అమ్మాయికి పరీక్షగా పెట్టకండి.

హనుమకొండ మేనత్త:
చూర్ణం అప్పుడే వారం నుంచి ఇస్తున్నారని వదిన ఇప్పుడే చెప్పింది. ఏం చేయమంటారు?

మానసిక వైద్యురాలు, విశాఖపట్నం:
ఆపేయండి. పొట్లం మాత్రం పారేయకుండా డాక్టరుకు చూపించండి, తిట్లు పడవు. ఈ రాత్రే మీరో వదినగారో అమ్మాయి పక్కన కూర్చుని, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాదన్నా ఇంట్లోని మాత్రలు, పురుగుమందులు తాళం వేసిన చోట పెట్టండి. సెలవులు అయిపోయాయని హాస్టల్‌కు పంపే ముందే డాక్టరుకు చూపించండి.