అప్‌డేట్: సెర్రా ద ఎష్ట్రెలాలో మా నాలుగు రోజుల నడక

పోర్చుగల్‌లోని సెర్రా ద ఎష్ట్రెలా పర్వతాల్లో మే నెలలో సొంత కారు లేకుండా నడక యాత్ర చేయడం సాధ్యమేనా అని నేను లోగడ అడిగాను. మాంతైగష్ ఊళ్లో బస పెట్టుకోమని మీలో చాలామంది ఇచ్చిన సలహా మాకు ఎంతో మేలు చేసింది. లిస్బన్ నుంచి కొవిల్యా పట్టణం వరకు రైలులో వెళ్లి, అక్కడి నుంచి టాక్సీ మాట్లాడుకున్నాం.

పూర్వం హిమానీనదం తొలిచిన జేజెరె లోయ వెంట, నది పుట్టిన దిక్కుగా ఎదురు నడిచి, బర్చ్ చెట్ల నీడలో ఉన్న కొవాంవ్ దమెతాద్ అనే పచ్చిక బయలు చేరుకున్న రోజే ఈ యాత్రకు ప్రాణం. ఆ పైన పొగమంచు కమ్మేసి, దారి గుర్తుగా పేర్చిన రాళ్ల గుట్టల్లో ఒకటి కనబడితే రెండోది కనబడని స్థితి రావడంతో, శిఖరం ఆశ మానుకుని వెనుదిరిగాం. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

మర్నాడు తెరిపి ఇచ్చాక 1993 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం, తోర్రె, ఎక్కాం. అక్కడిదాకా తారురోడ్డు, దుకాణాలు ఉన్నందున, సమయం తక్కువైతే శిఖరం వదిలి లోయకే ఒక రోజు ఎక్కువ ఇవ్వమని చెబుతాను.

శాకాహారం గురించి అడిగినవారికి ఒక మాట: ఇక్కడి పేరుమోసిన గొర్రెపాల చీజ్ కోసం పాలను జంతు సంబంధమైన తోడుతో కాక, ఒక జాతి ముళ్లమొక్క పూలతో విరగ్గొడతారు. రొట్టెతో కలిపి అదే మా మధ్యాహ్న భోజనమైంది.