కొన్న సినిమా ప్రొజెక్టర్‌లో కనబడట్లేదు, ఏటి కారణం?

బొబ్బిలి వీణ:
యాప్‌లో డబ్బులిచ్చి కొన్న సినిమా ల్యాప్‌టాప్‌లో బాగానే వస్తోంది. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో పాత ప్రొజెక్టర్‌కి పెడితే మాటలు వినిపిస్తున్నాయి గానీ తెర నల్లగా ఉంటోంది. యూట్యూబ్ వీడియోలు మాత్రం ఆడుతున్నాయి. లోపం ఎక్కడ? సెలవుల్లో వీధి పిల్లలందరికీ తెర కట్టి వేద్దామని.

నాగావళి:
ప్రొజెక్టర్ బాగానే ఉందండీ, అడ్డుపడుతున్నది హెచ్‌డీసీపీ, అంటే కేబుల్‌లో వెళ్లే బొమ్మని కాపీ కొట్టకుండా ఆపే డిజిటల్ తాళం. బొమ్మ పంపేముందు ల్యాప్‌టాప్ అవతలి పరికరాన్ని తాళంచెవి అడుగుతుంది. పాత ప్రొజెక్టర్ దగ్గర అది లేకపోతే బొమ్మ ఆపేస్తుంది. మామూలు వీడియోలకి ఈ తనిఖీ లేదు.

మధ్యలో స్ప్లిటర్ (ఒక కేబుల్‌ని రెండు తెరలకి పంచే డబ్బా) గానీ వీజీఏ కన్వర్టర్ గానీ ఉంటే తీసేసి నేరుగా కలపండి. తర్వాత విండోస్ మీట, పీ కలిపి నొక్కి 'సెకండ్ స్క్రీన్ ఓన్లీ' ఎంచుకోండి. డూప్లికేట్‌లో (రెండు తెరల మీదా ఒకే బొమ్మ) ఉంటే రెండు తెరల్లో ఒకటి తనిఖీలో తప్పినా బొమ్మ ఆగిపోవచ్చు. అప్పటికీ రాకపోతే క్వాలిటీ 480పీకి దించండి, కొన్ని యాప్‌లు అక్కడ పట్టుబట్టవు. 4కేకి మాత్రం దారి పొడవునా ప్రతి పరికరానికీ హెచ్‌డీసీపీ 2.2 వెర్షన్ ఉండాలి.

వంశధార:
వీధిలో వేయడం ఆలోచించుకోండి. యాప్‌లో సినిమా కొంటే వచ్చే లైసెన్సు సాధారణంగా ఇంట్లో చూడ్డానికే. టికెట్ పెట్టకపోయినా హక్కుదారుల అనుమతి కావాలి.

బొబ్బిలి వీణ:
480పీలో వచ్చిందండీ! ఇంట్లోనే చూస్తాం. మరి డబ్బులిచ్చాం కదా, ఫైల్ దాచుకోవచ్చా?

వంశధార:
యాప్ డౌన్‌లోడ్ చేసేది తాళం వేసిన ఫైల్. ఆ యాప్, ఆ ఖాతా లేకుండా తెరుచుకోదు. కంపెనీకి స్టూడియోతో ఒప్పందం తీరిపోతే మీ లైబ్రరీలోంచీ పోవచ్చు. 2023 డిసెంబరులో డిస్కవరీ కార్యక్రమాలు కొన్నవాళ్ల దగ్గర్నుంచీ తీసేస్తామని ప్లేస్టేషన్ ప్రకటించింది. గొడవయ్యాక ఆగింది.

కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో 65ఏ సెక్షన్ వచ్చింది: హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళం విరగ్గొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. నా మటుకు ఈ తాళాల దెబ్బ కొన్నవాళ్లకే ఎక్కువ తగులుతోంది. డీవీడీల 40 బిట్ల తాళం 1999లోనే విరిగింది, పైరసీ ఎక్కడా ఆగలేదు.

నాగావళి:
పదికాలాలు ఉండాలనుకునే సినిమా డిస్క్‌లో కొనండి. డిస్కులకి ప్రాంతాల వారీ కోడ్ ఉంటుంది: మన డీవీడీ రీజియన్ 5, బ్లూరే అయితే సి, ప్లేయర్‌తో సరిపోతుందో చూసుకోండి. ఇంట్లో పెళ్లి డీవీడీలుంటే వాటికి మామూలుగా ఏ తాళమూ ఉండదు. డిస్క్‌లో వీడియో ఉండే వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తం హార్డ్‌డిస్క్‌కి కాపీ చేసేయండి. రాసిన డిస్కుల్లో రంగు పొర పాడైతే ఏ షాపూ తిరిగి తేలేదు, ఆ పని ముందు కానీండి.