డబ్బు కట్టి ఉండే ఇంట్లో రోజూ అందరితో కూర్చునే తినాలా?

పై అంతస్తు గది:

చదువు కోసం వేరే దేశం వచ్చి ఒక ఆతిథ్య కుటుంబంతో ఉంటున్నాను. ఇది మూడో నెల. గదికీ రెండు పూటల భోజనానికీ కలిపి నెల మొదట్లోనే డబ్బు కట్టేస్తాను, ఒక్కసారి కూడా ఆలస్యం చేయలేదు. నిన్న రాత్రి జరిగింది చెబుతాను. తప్పు నాదైతే నాదేనని చెప్పండి.

మర్నాడు పరీక్ష ఉంది. కాలేజీ నుంచి వచ్చేసరికి ఏడు దాటింది. అప్పటికే అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు. నా ప్లేటు తీసుకుని, "గదిలో తింటాను" అంటూ మెట్లెక్కబోయాను. ఇంటావిడ చెంచా కింద పెట్టి, "ఇది హోటల్ కాదు" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. అయినా ఆ మాట రాత్రంతా చెవిలో తిరుగుతూనే ఉంది. ఈ నెలలో ప్లేటు పైకి తీసుకెళ్లడం అది నాలుగోసారి, ఆ సంగతీ దాచను.

పొద్దుటి నుంచి పరాయి భాషలో పాఠాలు వింటాను. సాయంత్రానికి నోట్లో మాట ఉండదు. బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో గంట తరగతిలో ఉన్నట్టే. అన్నీ అర్థమైనట్టు తల ఊపుతూ, అందరూ నవ్వినప్పుడు నవ్వుతూ తినాలి. డబ్బు కడుతున్నప్పుడు ఎక్కడ కూర్చుని తినాలో కూడా వాళ్లే చెబుతారా?

నిజం నిష్ఠూరం:

చెప్పకూడదు. మీరు కట్టేది అద్దె. ఆ మాట పలకడానికి అందరికీ మొహమాటం, అంతే.

నేను ఇంగ్లండ్‌లో చదువుకున్నాను కాబట్టి అక్కడి సంగతి చెబుతాను. విద్యార్థిని ఇంట్లో ఉంచుకుంటే వచ్చే డబ్బును అక్కడి ప్రభుత్వం గది అద్దెగానే చూస్తుంది. 'రెంట్ ఎ రూమ్' అనే పథకం ఉంది. 2016 ఏప్రిల్ నుంచి ఏడాదికి 7,500 పౌండ్ల వరకు దానికి పన్ను లేదు. ఇక యజమానితో కలిసి ఒకే వంటగది, ఒకే హాలు వాడుకుంటూ ఉండేవారికి విడి ఇంట్లో అద్దెకున్నవారికి ఉండే రక్షణ లేదు. తగినంత గడువిచ్చి ఖాళీ చేయమంటే చాలు, యజమాని కోర్టుకు వెళ్లాల్సిన పని కూడా లేదు. అంటే పంపించేటప్పుడు మనం పరాయివాళ్లం, బల్ల దగ్గర మాత్రం ఇంటి పిల్లలం. ఇదెక్కడి న్యాయం?

నేనున్న ఇంట్లో, సెలవులకు వెళ్లి నేను లేని పది రోజులకూ భోజనం డబ్బు పట్టుకున్నారు. అడిగితే, "కుటుంబంలో ఇలాంటి లెక్కలు ఉంటాయా" అన్నారు. ఆ రోజు నుంచి 'కుటుంబం' అనే మాట ఎవరు ఎందుకు వాడుతున్నారో జాగ్రత్తగా వింటున్నాను. మీ ప్లేటు మీ ఇష్టం. నిశ్చింతగా పైకి తీసుకెళ్లండి.

వెన్నెల బాట:

ప్రశ్న అడిగినవారు కాలేజీ వయసువారు కాబట్టి సరే. స్కూలు పిల్లల విషయంలో మాత్రం "మీ ఇష్టం" అనే మాట చెల్లదు. అదే ఇంగ్లండ్‌లో 16 ఏళ్ల లోపు పిల్లలు దగ్గరి బంధువులు కాని వారింట్లో 28 రోజులు, అంతకు మించి ఉంటే స్థానిక కౌన్సిల్‌కు తెలియజేయాలి. ఆ వయసు పిల్ల బల్ల దగ్గరికి రాకపోతే ఎందుకు రాలేదని అడగడం ఆ ఇంటివారి విధి. ఈ తేడా చెప్పకపోతే చదివేవాళ్లు రెంటినీ ఒకే గాటన కడతారని రాశాను.

రెండు తాళంచెవులు:

చదువుకునే రోజుల్లో నేను ఏడాది పాటు ఇలాగే ఒకరింట్లో ఉన్నాను. తర్వాత ఆ దేశంలోనే స్థిరపడ్డాను. ఆరేళ్లుగా మా ఇంట్లో విద్యార్థులు ఉంటున్నారు. ఇద్దరి కడుపుమంటా నాకు తెలుసు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

నిజం నిష్ఠూరం గారి దగ్గర ఆ పది రోజుల డబ్బు పట్టుకోవడం అన్యాయం, అందులో రెండో మాట లేదు. కానీ గొడవంతా డబ్బు దగ్గరే ఉందంటే ఒప్పుకోను. అసలు డబ్బే పుచ్చుకోని ఇళ్లున్నాయి. 1915లో ఫ్రాన్స్‌లో గాయపడిన సైనికులను మోయడానికి అంబులెన్స్ స్వచ్ఛంద సేవగా మొదలైన ఏఎఫ్ఎస్ సంస్థ, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక స్కూలు పిల్లలను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపడం మొదలుపెట్టింది. అందులో ఇల్లిచ్చే కుటుంబాలది స్వచ్ఛంద సేవే. ఇప్పటికీ జే-1 అనే మార్పిడి కార్యక్రమాల వీసా మీద అమెరికా వచ్చే హైస్కూలు విద్యార్థులను ఉంచుకునే కుటుంబాలకు డబ్బు చెల్లించకూడదని అక్కడి నిబంధన. అదే నిబంధనల్లో పిల్లకు విడి మంచం ఉండాలనీ, అది మడిచే సోఫా గానీ గాలి నింపే పరుపు గానీ కాకూడదనీ రాసి ఉంది. అలాంటి ఇళ్లలోనూ ఈ ప్లేటు గొడవ వస్తుంది. వస్తుందని ఎందుకంటున్నానంటే, మా పక్కింటివారు అలాంటి పిల్లనే ఉంచుకున్నారు, మాకు వచ్చిన గొడవే వాళ్లకూ వచ్చింది.

మా ఇంటి సంగతి. రెండో ఏడాది ఒక అమ్మాయి ఉండేది. ఒక సాయంత్రం ఏడున్నరైనా రాలేదు. ఆ అమ్మాయి ప్లేటు మీద ఇంకో ప్లేటు బోర్లించి ఓవెన్‌లో సన్నటి వేడి మీద పెట్టాను. ఎనిమిదికి ఫోను చేస్తే స్విచాఫ్. ఎనిమిదిన్నరకు మళ్లీ అంతే. తొమ్మిదికి ఓవెన్ ఆపేశాను. పై ప్లేటు ఎత్తితే లోపల ఆవిరంతా నీరై కారింది. వర్షం పడుతోంది, ఆ అమ్మాయి రోజూ సైకిల్ మీద వస్తుంది. ఆసుపత్రి నంబరు వెతికి పట్టుకుని కూర్చున్నాను. పదికి పది నిమిషాలుండగా తాళం తిరిగిన చప్పుడైంది. స్నేహితులతో బయట తిని వచ్చిందట. "డబ్బు కట్టేశాను కదా, తినకపోతే నష్టం నాకే కదా" అంది. ఆ అమ్మాయి లెక్కలో తప్పు లేదు. నిజంగానే నాకు ఒక్క పైసా నష్టం లేదు. కానీ ఆ రెండు గంటల పైచిలుకు నేను ఎలా గడిపానో ఆ లెక్కలో ఎక్కడా లేదు.

మర్నాడు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాను. ఏడు రోజులకు ఏడు గళ్లు. ఆ రాత్రి భోజనానికి రానివాళ్లు మధ్యాహ్నం నాలుగులోపు ఒక గీత పెట్టాలి, లేదా ఫోనులో ఒక్క మాట చెప్పాలి. ఎందుకు రారో నేను అడగను, నేటి వరకూ అడగలేదు. "పైన తింటాను" అనేదానికి చిన్న సున్నా. మా పిల్లలూ మా ఆయనా కూడా అందులోనే గీతలు పెడతారు. అది ముఖ్యం, లేకపోతే అది పరాయివాళ్ల కోసం పెట్టిన హాజరుపట్టీ అవుతుంది.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: రోజూ కూర్చోవాల్సిన బాధ్యత మీకు లేదు. ముందుగా చెప్పాల్సిన బాధ్యత ఉంది. అందరూ కూర్చున్నాక వచ్చి ప్లేటు ఎత్తుకుపోతే, ఆ బల్ల దగ్గరున్నవాళ్లకు మీ పరీక్ష కనబడదు, మీ వీపు కనబడుతుంది.

ఇక భాష గురించి. ఆ ఇంట్లో ఉంటే చాలు, భాష దానంతటదే వస్తుందని పంపేవాళ్లు చెబుతారు. రష్యాలో చదివిన అమెరికన్ విద్యార్థుల ఫలితాలను విలియం రివర్స్ అనే పరిశోధకుడు పోల్చి 1998లో ప్రచురించాడు. హాస్టల్లో ఉన్నవారికంటే ఇళ్లలో ఉన్నవారు మాట్లాడటంలో ముందుకెళ్లే అవకాశం తక్కువగా, చదవడంలో ఎక్కువగా తేలింది. మొదటిసారి చదివినప్పుడు నమ్మలేకపోయాను. తర్వాత నా సొంత మొదటి రెండు నెలలు గుర్తొచ్చాయి. "బాగుంది, ధన్యవాదాలు, అలసిపోయాను." ఈ మూడు మాటలతోనే అరవై రాత్రులు గడిపాను. ఇల్లు నన్ను మాట్లాడించలేదు.

నన్ను మాట్లాడించింది గిన్నెల తొట్టి. ఆవిడ కడిగేవారు, నేను తుడిచేదాన్ని. ఇద్దరి కళ్లూ గిన్నెల మీదే ఉంటాయి కాబట్టి తప్పు మాట్లాడినా సిగ్గనిపించేది కాదు. ఒక్కో వస్తువూ నా చేతికిస్తూ దాని పేరు చెప్పేవారు: మూత, గరిట, జల్లెడ. జల్లెడ అన్న మాట నాకు పలకడం రాక ఆవిడ రోజూ దాన్ని చివరికి ఉంచేవారు. అది సరిగ్గా పలికిన రాత్రి, ఆవిడ సబ్బు చేతులతోనే నా భుజం తట్టారు. ఆ తడి చొక్కా మీద ఆరేదాకా నేను అక్కడే నిలబడ్డాను. బల్ల దగ్గర గంటసేపు తల ఊపడం మీవల్ల కాకపోతే ఆ పది నిమిషాలు అడిగి చూడండి.

నిజం నిష్ఠూరం:

ఫ్రిజ్ మీద కాగితం మంచి పద్ధతి, ఒప్పుకుంటాను. కానీ అది పెట్టింది మీరు, ఆ అమ్మాయి కాదు. మూడు నెలల క్రితం దేశం దిగిన మనిషి పరాయి భాషలో, పరాయి ఇంట్లో ఇలాంటి పద్ధతి పెడదామని ఎలా అడుగుతుంది? ఇవన్నీ దిగకముందే కాగితం మీద ఉండాలి: భోజనం వేళ, రానప్పుడు ఎప్పటిలోగా చెప్పాలి, లేని రోజుల డబ్బు ఏమవుతుంది. అన్ని ఇళ్లూ మీ ఇల్లులా ఉండవు. నేనున్న ఇంట్లో బల్ల దగ్గర మా నాన్న జీతమెంతని ఇంటివాళ్లు నన్ను రెండుసార్లు అడిగారు. అలాంటి చోట గదిలో తినడం మర్యాదలేనితనం కాదు, మనల్ని మనం కాపాడుకోవడం. అంతకీ కుదరకపోతే ఇల్లు కుదిర్చినవారిని అడిగి మారాలి.

రెండు తాళంచెవులు:

ఆ మాట నిజం. మొదటి అడుగు ఇంటివాళ్లే వేయాలి. ఇంతకాలం ఆ కాగితం నా ఘనత అనుకున్నాను గానీ, అది మొదటి ఏడాదే పెట్టాల్సింది.

పై అంతస్తు గది:

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ పొద్దున్న, వంటింట్లో ఎవరూ లేనప్పుడు ఇంటావిడతో మాట్లాడాను. చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకుని చూసి చదివాను. పరీక్ష ఉందని చెబితే, "ఆ మాట పొద్దున్నే ఎందుకు చెప్పలేదు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత నేను ఊహించని మాట ఒకటి వచ్చింది. పైకి వెళ్లిన ప్లేట్లు కిందికి రావడం లేదట. పోయిన వారం నా గదిలోంచి రెండు ప్లేట్లు, ఒక కప్పు ఆవిడే తెచ్చుకున్నారట. నాకు అసలు తెలియదు. నేను అవమానం అనుకున్న మాటలో సగం ఆ ప్లేట్ల గురించే.

మంగళ, గురువారాలు పైన తినేలా, ప్లేటు అదే రాత్రి నేనే కిందికి తెచ్చి కడిగేలా అనుకున్నాం. ఇవాళ మంగళవారం. ప్లేటు కడిగి బోర్లించి వచ్చి ఇది రాస్తున్నాను.

వచ్చే నెల సెలవులకు వెళ్తాను. ఆ రోజుల భోజనం డబ్బు సంగతి ఇంకా ఎత్తలేదు. నిజం నిష్ఠూరం గారూ, ఆ మాట ఎలా మొదలుపెడితే బాగుంటుందో చెప్పగలరా?