వట్టివేళ్ల నూనె నీటి నుంచి సరిగా విడిపోవడం లేదు, ఏం చేయాలి?

మాది కోనసీమలో లంక గ్రామం. ఇసుక కలిసిన ఒండ్రు నేల కావడంతో నాన్నగారు అరటితోట పక్కన కొంత మేర వట్టివేరు వేశారు. వేళ్లు చక్కగా దిగాయి. వాటిని కడిగి, నీడన ఆరబెట్టి, ముక్కలు కోసి, స్టీలు డ్రమ్ములో ఆవిరి పట్టి నూనె తీస్తున్నాం.

చిక్కంతా చివర్లోనే. నిమ్మగడ్డి నూనె అయితే నీటికంటే తేలిక, పైన తేటగా నిలుస్తుంది. వట్టివేళ్ల నూనె చాలా చిక్కన, సాంద్రత దాదాపు నీటితో సమానం. కొంత పైన తేలుతోంది, కొంత అడుగుకు దిగుతోంది, మిగిలినది నీటిలోనే ఉండిపోయి బియ్యం కడిగిన నీళ్లలా మసకగా కనిపిస్తోంది. అంత మంచి వాసనగల నీటిని పారబోయడానికి మనసొప్పడం లేదు.

ఆవిరిని చల్లార్చే కండెన్సర్ నీటిని గోరువెచ్చగా ఉంచితే నూనె గొట్టానికి అంటుకోకుండా దిగి, త్వరగా విడిపోతుందా? ఈ మసక నీటిని మళ్లీ డ్రమ్ములో పోసి మరిగించాలా, ఉప్పు కలిపి కదపకుండా ఉంచాలా? ఉప్పుతో వాసన మారుతుందేమోనని నా భయం.

ఇంకొకటి. ఈ నూనెలో బరువైన భాగం ఆలస్యంగా వస్తుంది కాబట్టి తొందరగా మంట ఆపకూడదని తెలుసు. మాకు కొబ్బరి డొక్కలు దొరుకుతాయి గనుక సరిపోతోంది, కట్టెలు కొనాలంటే కష్టమే. మీరు ఎన్ని గంటలకు ఆపుతున్నారు? హైదరాబాద్‌లోని సీమ్యాప్ (ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) కేంద్రంలో నూనె పరీక్ష చేయించినవారు ఉంటే, నమూనా ఎంత పంపాలో కూడా దయచేసి చెప్పండి.